మూడోనాటి మావిడికాయలు

విజయనగరం నించి భిలాయి దాకా, పది టన్నుల లోడుతో, మధ్యలో రెండు ఘాట్లు ఎక్కి దిగి, ఒక్క పగల్లో లారీ తోలుకొచ్చినవాణ్ణి నేను. కళ్ళజోడు తుడుచుకోనక్కర్లేదు, మీరు సరిగ్గానే చదివారు, ఒక్క పగల్లో. పొద్దున్నే గంటస్తంభం దగ్గర టీ తాగి బండెక్కితే, దీపాలు పెట్టే వేళకి భిలాయిలోని సుపేలాలో దిగి ఇంకో టీ తాగాను. మొదటి టీ రుచి అప్పటికింకా నాలిక మీదే ఉంది. ఈ సంగతి సుపేలా బజార్లో, చరోదా రైల్వే కాలనీలో, పెళ్ళి భోజనాల బంతుల్లో ఓ వందసార్లు చెప్పుంటాను. చెప్పిన ప్రతిసారీ లోడు ఓ అర టన్ను పెరిగింది. నోటితో చెప్పినప్పుడు లేని భయం కాయితం మీద రాసేటప్పుడు చేతికి పడుతుంది గనక ఇప్పుడు కొంచెం తగ్గిస్తాను. లోడు ఒక టన్ను. పగలు కూడా ఒకటి కాదు. ఎన్నో కాస్త ఆగి చెబుతాను. ఇప్పుడే చెప్పేస్తే మీరు పుస్తకం మూసేసి వంటింట్లోకి వెళ్ళిపోతారు.

ఇదంతా గుర్తుకు రావడానికి కారణం ఓ బీరువా. మొన్న మా ఇంటికి కొత్త బీరువా ఒకటి వచ్చింది. దాన్ని చిన్న లారీలో తెచ్చిన కుర్రాడిది పక్క ఊరు దుర్గ్, పాతికేళ్ళుంటాయి. గుమ్మం ముందు బండి ఆపి, దిగుతూనే జేబులోంచి ఫోను తీసి నా మొహం ముందు పెట్టాడు. "దేఖో దాదాజీ, చార్ బజ్ కే బారహ్ మినిట్ బోలా థా, దస్ మే పహుంచా దియా!" అన్నాడు. రెండు నిమిషాలు ముందొచ్చాడని వాడి సంబరం. ఆ ఫోను దారి చెబుతుందట. ఏ చౌరస్తాలో బళ్ళు ఇరుక్కున్నాయో చెబుతుందట. కాలు గట్టిగా తొక్కితే డీజిలు ఎంత తాగిందో బండే లెక్కగట్టి యజమానికి చాడీ చెబుతుందట. "మాలిక్ గుస్సా కర్తా హై" అని, యజమాని కోప్పడతాడని చెప్పి నవ్వాడు. నేను ఫోను చేతిలోకి తీసుకుని చూశాను. ఓ నీలం గీత, గీత మీద ఓ బాణం. ఇంతేనా అనిపించింది. ఈ గీత, ఈ బాణం, ఈ చాడీలు, అన్నీ మా అప్పలస్వామి మావ బుర్రలో ఉండేవి, చుట్ట పొగతో సహా.

అప్పలస్వామి మావ మా అమ్మకి సొంత తమ్ముడు. భిలాయి ఉక్కు ప్లాంటు ఇంకా పునాదుల్లో ఉన్నప్పుడే మా బొబ్బిలి వైపు నించి వచ్చి పనివాళ్ళ బస్తీ క్యాంప్ వన్‌లో స్థిరపడ్డాడు. నేను పదో క్లాసు తప్పి ఊళ్ళో గాలికి తిరుగుతుంటే కబురు పెట్టి రప్పించుకున్నాడు. రెండేళ్ళు పక్కన కూర్చోబెట్టుకుని లారీ తోలడం నేర్పి, సుపేలాలో ఆరు లారీలున్న ఓ సర్దార్జీ దగ్గర నాకూ ఓ బండి ఇప్పించాడు. మావ ఇల్లంటే ఒక గది, ఒక వసారా, వెనక ఓ తడిక స్నానాల గది. ఆ ఇంటి వాసన ఇప్పటికీ ముక్కుపుటాల్లో ఉంది: పొద్దున్న చోడి అంబలి ఉడుకుతున్న వాసన, దాని మీద చుట్ట కంపు, ఆ రెంటి మీదా డీజిలు. అత్త మావ చొక్కాని గుమ్మం దాటనిచ్చేది కాదు. వసారాలో మేకుకి తగిలించి లోపలికి రమ్మనేది. మావ కూతురు పైడమ్మ ఆ చొక్కాని కర్రతో ఎత్తి, చచ్చిన పామునేదో మోస్తున్నట్టు మోసుకెళ్ళి నీళ్ళలో పడేసేది. ఆ పైడమ్మే తరవాత నా పెళ్ళాం అయింది. ఇప్పుడు నా చొక్కాలు కూడా అలాగే ఎత్తుతుంది, డీజిలు లేకపోయినా.

మావకి గడియారం లేదు. కావాలనుకోలేదు కూడా. అతని గడియారం చుట్ట. కాలే కొన నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేవాడు, కిటికీలోంచి గాలి కొట్టినా ఆరదని. ఏ ఊరికి ఏ ఊరు ఎన్ని చుట్టలో అతనికి తెలుసు. రాయపూర్ నించి ధంతరి రెండు చుట్టలు. ధంతరి నించి కాంకేర్ ఇంకో రెండు, వానాకాలమైతే రెండున్నర. "సుట్ట ఉండగానే ఊరొచ్చీసిందనుకో, డీజిలు తాగించీసేవని లెక్క. సుట్ట అయిపోయినా ఊరు రానేదనుకో, టైము తినీసేవని లెక్క. రెండూ ఒక్కసారి అయిపోవాల" అనేవాడు. డీజిలు కొలవడానికి ఓ వెదురు పుల్ల ఉండేది. లారీల్లో డీజిలు చూపించే ముల్లు ఎప్పుడో చచ్చిపోయి ఉండేది గనక అందరి దగ్గరా ఏదో ఒక పుల్ల ఉండేది. అందరూ బయల్దేరేముందు ఒకసారి ముంచి చూసేవారు. మావ పుల్లకి మాత్రం కత్తితో గాట్లు పెట్టి ఉండేవి, ఊరికొక గాటు. కొండగావ్ చేరేసరికి డీజిలు ఈ గాటు దగ్గర ఉండాలి, కాంకేర్ చేరేసరికి ఈ గాటు దగ్గర. పుల్ల ముంచి, తీసి, తడిసిన చోట చూసి, తనలో తను ఓ ముక్క అనుకుని తల ఊపేవాడు. ఆ ముక్క ఏమిటో అడిగితే, "బండితో మాటాడుతున్నాను, నీతో కాదు" అనేవాడు.

నాకు చేతి గడియారం ఉండేది. కుడిచేతికి కట్టుకునేవాణ్ణి, స్టీరింగు మీద అందరికీ కనబడుతుందని. నా సిద్ధాంతం చాలా సులువు. ముందు బయల్దేరినవాడు ముందు చేరతాడు, గట్టిగా తొక్కినవాడు ఇంకా ముందు చేరతాడు. మావ దీనికి నవ్వేవాడు. "ఒరే సత్తిబాబూ, లోడు బండిని ఆపడానికి కాలు సాలు. మళ్ళా కదపడానికి డీజిలు కావాల. గంటకెన్ని మైళ్ళు పోయేవో నానడగను. దారిలో ఎన్నిసార్లు ఆగేవో అది సెప్పు" అనేవాడు. నేను చెప్పేవాణ్ణి కాదు.

ఇక మావిడికాయల సంగతి. క్యాంప్ వన్‌లో మా సందులో ఇరవై పాతిక తెలుగు ఇళ్ళు. ప్లాంటులో కొలిమి దగ్గర పనిచేసేవాళ్ళు, క్రేన్లు నడిపేవాళ్ళు, చరోదా యార్డుకి సైకిలు మీద పోయేవాళ్ళు, అందరి టిఫిను డబ్బాల్లోనూ అన్నం మధ్య గుంటలో ఆవకాయ. ఏడాదికి సరిపడా వేసవిలో ఒకేసారి పెట్టేవారు. ఆ వారం సందులో మంచాల మీద ఎండుమిరపకాయలు, రోళ్ళలో ఆవపిండి, గాలంతా ఎర్రటి ఘాటు. పక్క సందులోని హిందీవాళ్ళు కిటికీలు మూసుకుని తుమ్మేవాళ్ళు. "ఆంధ్రావాలోం కా అచార్ షురూ హో గయా" అని, ఆంధ్రావాళ్ళ పచ్చడి మొదలైందని ఒకరికొకరు కబురు చెప్పుకునేవాళ్ళు. కానీ ఇక్కడ దొరికే కాయలు మావాళ్ళకి ఆనేవి కావు. పులుపు లేదని ఒకరు, టెంక మెత్తనని ఇంకొకరు. కాయ మన వైపుదే కావాలి. అందుకని అంతకు ముందు ఏడు రైల్లో పార్శిలు తెప్పించారు. అది ఎక్కడెక్కడో నిలిచి నిలిచి వచ్చేసరికి గంపలు తెరిస్తే బురద. ఆ ఏడంతా మా సందు ఆవకాయ లేకుండా బతికింది. మీరు నవ్వుతారు గాని, అది చిన్న కష్టం కాదు. కొలిమి దగ్గర ఎనిమిది గంటలు వేగి వచ్చి డబ్బా తెరిచి ఉత్త పప్పన్నం చూసుకుని గోడవైపు తిరిగి తిన్న పెద్దమనుషుల్ని నేనెరుగుదును.

ఆ మరుసటి వేసవిలో మా రెండు లారీలకీ ప్లాంటు ఇనుము విశాఖపట్నం తీసుకెళ్ళే పని పడింది. తిరుగు ప్రయాణం ఖాళీ. మావ సర్దార్జీని అడిగాడు. సర్దార్జీ గడ్డం దువ్వుకుని, "లే ఆవో, లేకిన్ ఏక్ మర్తబాన్ మేరా" అన్నాడు. ఒక జాడీ అతనిదన్నమాట. సందంతా పొంగిపోయింది. ఆవకాయ విషయంలో మా సందుకి గవరమ్మ పిన్ని పెద్ద. కాయ చూసి పులుపు చెప్పగలదు, ముక్క చూసి ఎన్నేళ్ళు నిలుస్తుందో చెప్పగలదు. ఆవిడ మా ఇద్దర్నీ నిలబెట్టి హుకుం జారీ చేసింది.

"కోసిన్నాటితో కలిపి మూడోనాడు పొద్దు వాలేలోగా కాయ నా కత్తికింద పడాల. నాలుగోనాడైతే తేకండి. దార్లోనే ఏ ఆవుకో పెట్టీండి. రెండో ఏడు కూడా ఆవకాయ నేదంటే ఈ మొగోళ్ళు మమ్మల్ని బతకనివ్వరు."

"మూడోనాడేటి పిన్నీ, రెండోనాటికే దింపీస్తాను. కత్తి నూరుకుని కూకో" అన్నాను నేను. పైడమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది మరి.

"ముందు నువ్వు దిగు, తరవాత కాయలు దించుదువు గాని" అంది పైడమ్మ. అందరూ నవ్వారు. మావ కూడా.

ఇనుము దింపేసి విజయనగరం వచ్చాం. క్లీనర్లిద్దరూ ఊళ్ళో పెళ్ళిళ్ళున్నాయని దిగిపోయారు. అంటే ఈ కథకి బయటి సాక్షులు లేరు. నాకు కలిసొచ్చిన మొదటి సంగతి అదే. తెల్లారుతూనే తోటలో కోయించి ఎక్కించాం. సగం కాయలు నా బండిలో, సగం మావ బండిలో. మావ గంపగంపకీ మధ్య బెత్తెడు సందు వదిలి, వేపరొట్ట పరిచి, టార్పాలిన్ పైన మాత్రమే కప్పి ముందూ వెనకా తెరిచి పెట్టాడు. నేను మాత్రం గంపలు ఇరికించి పేర్చి, టార్పాలిన్ నాలుగువైపులా దించి, డప్పులా బిగించి కట్టాను. దానికి నా తెలివి నాకుంది. టార్పాలిన్ రెక్కలు కొట్టుకుంటే గాలి పట్టి బండిని వెనక్కి లాగుతుంది, డీజిలు ఎక్కువ తాగుతుంది. గట్టిగా తొక్కబోతున్నాను గనక అక్కడ మిగుల్చుకుందామని లెక్క వేశాను. మావ నా కట్టు చూసి, "ఇనప కడ్డీలకి బాగుంటాది" అన్నాడు. మెచ్చుకున్నాడనుకున్నాను.

మావ ఇంకా అంబలి చెంబు ఎత్తుతుండగానే నేను గేరు వేశాను. సాలూరు దాటి ఘాటు మొదట్లో ఉన్న గేటు దగ్గరికి చేరి గడియారం చూసుకుంటే ఎవరూ నమ్మనంత తక్కువ టైము. గేటు వేసి ఉంది. ఆ రోజుల్లో ఘాటు రోడ్డు ఇరుకు, ఎదురెదురు బళ్ళు తప్పుకోలేవు. కాసేపు దిగే బళ్ళని వదిలేవారు, కాసేపు ఎక్కే బళ్ళని. ఇప్పుడు దిగే వంతు. నా బ్యాటరీ నీరసంగా ఉండేది. ఇంజను ఆపితే మళ్ళీ తొయ్యాలి, తొయ్యడానికి క్లీనరు లేడు. అందుకని ఇంజను నడుస్తూనే ఉంది. పైన ఎండ, కింద ఇంజను, పక్కన చెట్టన్నది లేదు. అలా ఎంతసేపంటే, గేటువాడి ముగ్గురు కూతుళ్ళ పెళ్ళి సంబంధాలు పూర్తిగా మాట్లాడుకునేటంతసేపు. చివరికి దిగే బళ్ళలో ఆఖరిది వెళ్ళింది. గేటువాడు లేచి వెళ్ళి కర్ర పైకెత్తాడు. సరిగ్గా అప్పుడు వెనక మలుపులోంచి మావ లారీ వచ్చింది. ఆగలేదు. బ్రేకు కూడా తొక్కినట్టు లేదు. ఊరేగింపులో పల్లకీలా వచ్చి నా వెనక నడిచింది. అద్దంలో చూస్తే మావ నోట్లో చుట్ట కొన, అప్పుడే అయిపోవస్తోంది.

మర్నాడు కేశ్కాల్ ఘాటు దగ్గర కూడా అదే కథ. జగదల్పూర్‌లో తొయ్యకుండానే కదిలేలా బండిని పల్లంలో పెట్టి రాత్రికి పడుకుని, పొద్దున్నే మావకంటే ముందు లేచి, దుమ్ము రేపుకుంటూ వెళ్ళాను. ఈసారి దిగాల్సినవాణ్ణి నేను. గేటు దగ్గర ఎక్కే బళ్ళ వంతు నడుస్తోంది. మిట్టమధ్యాహ్నం. టార్పాలిన్ మీద చెయ్యి పెడితే పెనం. మావ ఎక్కడున్నాడో తరవాత తెలిసింది. ఘాటుకి ఓ చుట్ట ఇవతల ఇప్పచెట్ల తోపు ఉంది. అక్కడ నీడలో బండి పెట్టి, గంపల మీద తడిపిన గోనెలు పరిచి, హాయిగా ఓ కునుకు తీశాడు. గేటు ఎప్పుడెత్తుతారో తెలిసినవాడికి గేటు దగ్గర నిలబడే పనేముంది? కర్ర లేచేసరికి వెనక మావ మళ్ళీ ప్రత్యక్షం. నాకు ఒళ్ళు మండింది. పైగా పుల్ల ముంచి చూస్తే డీజిలు పుల్లని పావువంతు కూడా తడపలేదు. గేట్ల దగ్గర తాగిందీ, రోడ్డు మీద నేను తాగించిందీ కలిపి టాంకు ముప్పావుకి పైగా ఖాళీ. అప్పుడు నేను చేసిన పని ఏ డ్రైవరూ పిల్లలకి చెప్పడు, కాబట్టి మీకు చెబుతున్నాను. ఘాటు దిగేటప్పుడు ఇంజను ఆపేశాను. పల్లంలో బండి దానంతటదే పోతుంది గదా, చుక్క డీజిలు ఖర్చు లేదు గదా అని. మూడో మలుపుకి బ్రేకులు కాలిన వాసన. ఏడో మలుపుకి నాకు తెలిసిన దేవుళ్ళందరి పేర్లూ అయిపోయాయి. అడుక్కి దిగేసరికి చక్రాలు పొగలు కక్కుతున్నాయి. మావ రెండో గేరులో, అత్తారింటికి వస్తున్న కొత్త అల్లుడిలా నెమ్మదిగా దిగి వచ్చి, నా పక్కన ఆపి, పొగని ఓసారి చూసి, "నా సుట్టకంటే నీ సుట్టే పెద్దదిరా" అని వెళ్ళిపోయాడు. అక్కణ్ణించి బండి చల్లారి, దారినపోయేవాళ్ళు నలుగురు తోస్తే స్టార్టయి, సాయంత్రం కాంకేర్ చేరేసరికి రెండోనాడు అయిపోయింది. మావ అప్పటికే ధాబాలో తిని చెయ్యి కడిగేసుకున్నాడు. పగళ్ళు ఎన్నని ఇందాక అడిగారు కదా. మూడు.

మూడోనాడు పొద్దున్న కూడా నేనే ముందు. ధంతరిలో పంపు దగ్గర లైను చూసి, రాయపూర్‌లో పోయించుకుందాం, ఇక్కడ నిలబడితే టైము పోతుందని దాటేశాను. దాటి ఎంతో దూరం పోలేదు. బండి రెండుసార్లు దగ్గి, నిట్టూర్చి, పొలాల మధ్య నిలబడిపోయింది. డీజిలు బండి చుక్క లేకుండా ఆగిందంటే గొట్టాల్లోకి గాలి పట్టేస్తుంది, మళ్ళీ డీజిలు పోసినా ఓ పట్టాన కదలదు. నేను దిగి రోడ్డు పక్కన కూర్చున్నాను. టార్పాలిన్ సందులోంచి తియ్యటి వాసన వస్తోంది. ఎంత మంచి కాయలో అనుకున్నాను. గవరమ్మ పిన్ని కత్తి నూరుకుని కూర్చుని ఉంటుంది. పొద్దు అప్పుడే నడినెత్తికొచ్చింది. మా సందులోవాళ్ళు డబ్బాలు తెరుచుకుని గోడవైపు తిరగడం కళ్ళకి కట్టింది. అప్పటిదాకా అదంతా నా పందెమని అనుకున్నాను. ఆ పొలం గట్టు మీద కూర్చున్నాకే అది వాళ్ళ తిండి అని తెలిసింది.

మావ వచ్చాడు. ఏమైందని అడగలేదు. తన టాంకులో పుల్ల ముంచి, చూసి, తల ఊపి, రబ్బరు గొట్టం తీసి నా చేతికిచ్చాడు. "పీల్సు" అన్నాడు. నోటితో పీల్చాను. డీజిలు రుచి ఎలా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది. వారం రోజులు ఏం తిన్నా అదే రుచి. మావ స్పానరుతో గొట్టాల్లో గాలి తీశాడు. తరవాత నా టార్పాలిన్ మూల ఎత్తి, లోపలికి చెయ్యి పెట్టి, ఓ కాయ తీసి, బొటనవేలితో నొక్కి చూసి, మళ్ళీ లోపల పెట్టి, తాడు ముడివేశాడు. రోడ్డు వైపు చూసి చెప్పాడు.

"నువ్వు ముందు నడు. ఎనకాల నానుంటాను. నాను రెండు హారన్లు కొడితే తగ్గించు, ఒకటి కొడితే పెంచు. నీ గడియారం జేబులో పెట్టీ."

"మావా, పొద్దు వాలిపోతాది. తొక్కకపోతే ఎలగ?"

"తొక్కితే మాత్రం సరోదా గేటు నీకోసం ఎత్తుతారేటి? నడు."

ఆ పూట బండి తోలడం గురించి నేనేం చెప్పినా అది కోత కాదు. దారిలో ఎడ్లబండి కన్నా కొంచెం జోరుగా, అంతే, పోతున్నాం. రాయపూర్‌లో రెండు బళ్ళకీ చెరో నాలుగు డబ్బాలు పోయించుకుని కదిలాం. వెనక నించి మావ హారను రెండుసార్లు వినిపిస్తే తగ్గిస్తున్నాను, ఒకసారి వినిపిస్తే పెంచుతున్నాను. ఎందుకో నాకు తెలియదు. చరోదా రైల్వే గేటు దూరం నించి వేసి కనబడింది. గూడ్సు బండి పోతోంది. అలవాటుకొద్దీ నా కాలు బ్రేకు మీదికి పోయింది. వెనక ఒక్క హారను. పెంచమని! పెంచాను. గార్డు డబ్బా దాటింది, గేటు లేచింది, మేం దాని కింద నించి దూసుకుపోయాం, ఆగకుండా. అవతల రెండు హారన్లు. తగ్గించాను. ఎదురుగా రోడ్డు మీద ఒక్క సైకిలు లేదు. కాస్త ముందొచ్చుంటే ప్లాంటులో షిఫ్టు దిగిన వేల సైకిళ్ళు రోడ్డుకి అడ్డంపడి ఉండేవి. ఆ సైకిళ్ళ మధ్య ఇరుక్కుని గంట గంట నిలబడ్డ రోజులు నాకెన్నో. మేం సుపేలా చేరేసరికి ఆఖరి సైకిళ్ళు సందుల్లోకి తిరుగుతున్నాయి. దారి మాకోసం ఊడ్చిపెట్టినట్టుంది. పొలం గట్టు నించి క్యాంప్ వన్ దాకా, రాయపూర్ పంపు తప్పితే, నా కాలు బ్రేకు తొక్కలేదు. అంత బరువైన బండి నీళ్ళ మీద పడవలా వెళ్ళడం ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. నాకు నవ్వొచ్చేసింది. ఒక్కణ్ణే, క్యాబిన్లో, నోట్లో డీజిలు రుచితో, పగలబడి నవ్వుకున్నాను.

పొద్దు ఇంకా రెండు బారలుంది. సందు మొదట్లో ఆడవాళ్ళందరూ నిలబడి ఉన్నారు. నా బండే ముందు తిరిగింది. "సత్తిబాబు వచ్చీసేడు!" అని ఒక కేక. ఎవరో నా చేతిలో మజ్జిగ గ్లాసు పెట్టారు. మావ నా వెనక దిగి, "నువ్వు పోయి పడుకో. మూడ్రోజుల నిద్దర కళ్ళలో ఉంది. దింపుడు నాను సూసుకుంటాను" అన్నాడు. వసారాలో నడుం వాల్చినవాణ్ణి మర్నాడు పొద్దెక్కాక ఘాటుకి తుమ్ముతూ లేచాను. సందు నిండా ఎరుపు. ఆడవాళ్ళ చేతులు మోచేతుల దాకా కారంపిండి, నువ్వులనూనె. గవరమ్మ పిన్ని కత్తి ఇంకా దబ్ దబ్ మని మోగుతోంది. పిల్లలందరూ సందులో బారులు తీరి కూర్చుని మావిడికాయలు చీకుతున్నారు, రసం మోచేతుల మీదుగా కారుతోంది. పక్క సందు హిందీ పిల్లలు కూడా వచ్చి కూర్చున్నారు. పండగంటే అదీ. సర్దార్జీ జాడీ సర్దార్జీకి పోయింది. ఆ వానాకాలమంతా ప్లాంటులో డబ్బాలు తెరిచినవాళ్ళెవరూ గోడవైపు తిరగలేదు. ఆ ఆవకాయ ఎంత రుచంటే దసరాకే అందరి ఇళ్ళలోనూ జాడీల అడుగు కనబడింది. నేను తెచ్చిన కాయలా మజాకా?

ఆ తరవాత ముప్ఫై ఏళ్ళు బండి తోలాను. మావ చుట్టల లెక్క నాకూ పట్టుబడింది, చుట్ట లేకుండానే. ఇప్పుడు చరోదా దగ్గర గేటు కోసం ఎవరూ ఆగరు, పైనించి వంతెన పోతోంది. ఘాట్లు వెడల్పు చేశారు. షిఫ్టు దిగితే సైకిళ్ళ బదులు మోటారు సైకిళ్ళు, అవీ సగానికి సగం. బీరువా తెచ్చిన కుర్రాడికి ఫోను అన్నీ చెబుతుంది, మంచిదే. వాడు నాలా పొలం గట్టు మీద కూర్చోడు. కానీ గేటు లేచే క్షణానికి సరిగ్గా చేరడంలో ఉన్న ఆ గిలిగింత వాడికి తెలుస్తుందా? రెండు నిమిషాలు ముందొచ్చానని వాడు మురిసిపోయాడు. మావ ఉంటే, ఆ రెండు నిమిషాల డీజిలు ఎందుకు తాగించావని అడిగేవాడు.

ఇంతవరకూ రాసి నిన్న పైడమ్మకి చదివి వినిపించాను. వంటింటి గుమ్మంలో కాళ్ళు చాపుకుని గోంగూర కోస్తూ వింది. డీజిలు పీల్చిన సంగతి నేనెవరికీ చెప్పలేదు, ఆవిడక్కూడా. అది విని ఆశ్చర్యపోతుందనుకున్నాను. పోలేదు.

"ఆ సంగతి నాన్న ఆ రాత్రే సెప్పేడు" అంది. "మిగిలింది కూడా రాయి మరి."

"మిగిలిందేటి?"

"నీ బండిలో కాయ ఒక్కటి కూడా ఆవకాయకి పనికిరానేదు బావా. గవరమ్మ పిన్ని కత్తి పెడితే ముక్క నిలవనేదు, జారిపోయింది. అన్నీ పండబారిపోయేయి. డప్పులాగ బిగించి ఎండలో నిలబెట్టేవు గదా, మగ్గబెట్టినట్టే."

"మరి సందంతా పెట్టుకున్న ఆవకాయ?"

"నాన్న బండిలోవి. సగం కాయలే అన్ని ఇళ్ళకీ పంచించేడు. అందుకే దసరాకి అడుగు కనబడింది, రుచికి కాదు. నీకు ఎవరూ సెప్పకండని అందరి సేతా ఒట్టేయించేడు. కుర్రోడు ఈ రోజే బండి తోలడం నేర్సుకున్నాడు, ఈ మాట వింటే మానీస్తాడు అన్నాడు."

నేను కాసేపు కాయితాలు సర్దుకున్నాను. "పెళ్ళయి ఇన్నేళ్ళయింది. ఒక్కసారైనా సెప్పలేకపోయేవా?"

"వందసార్లు నువ్వే సెప్పేవు, నాకు సందెక్కడిచ్చేవు?" పైడమ్మ గోంగూర కాడ ఒకటి విరిచి పక్కన పడేసింది. "రాసుకో. ఆవకాయ తెచ్చింది మా నాన్న. నువ్వు తెచ్చినవి పిల్లలు తినీసేరు."